కథలోని ఆరు అంశాలు: మాధ్యమిక తరగతుల పిల్లలకు, తల్లిదండ్రులకు

ఆరు నుంచి ఎనిమిదవ తరగతి వరకు పాఠ్యపుస్తకాలలోని కథలపై రెండు రకాల ప్రశ్నలు వస్తాయి. ఏమి జరిగిందన్నది మొదటి రకం. దానికి జ్ఞాపకశక్తి చాలు. ఎందుకు జరిగింది, రచయిత దానిని ఏ విధంగా చెప్పాడు అన్నది రెండవ రకం. దీనికి కథా నిర్మాణం తెలియాలి. ఆ నిర్మాణాన్ని ఆరు అంశాలుగా విభజించి చూడవచ్చు. గురజాడ అప్పారావు 1910లో 'ఆంధ్రభారతి' పత్రికలో ప్రకటించిన 'దిద్దుబాటు' కథ ఇందుకు అనువైన ఉదాహరణ.

పాత్రలు: గోపాలరావు, అతని భార్య కమలిని, నౌకరు రాముడు. పాత్ర స్వభావం రచయిత వర్ణన కంటె మాటలలో, చేతలలో ఎక్కువగా వ్యక్తమవుతుంది.

స్థలకాలాలు: ఒక ఇల్లు, అర్ధరాత్రి దాటిన వేళ. స్త్రీలకు చదువు అరుదైన రోజులవి. కమలిని చదువుకున్నది కనుకనే ఉత్తరం వ్రాయగలిగింది. కాలాన్ని మార్చితే ఆ ఉత్తరానికి అంత బలం ఉండదు.

సంఘర్షణ: సభల పేరు చెప్పి భర్త వేశ్య పాటకచేరీలకు వెళ్లి, రాత్రి ఆలస్యంగా ఇల్లు చేరుతుంటాడు. భార్య దానిని సహించదు. ఇద్దరి మధ్య ఉన్న ఈ ఘర్షణతో పాటు గోపాలరావు మనసులో పశ్చాత్తాపం కలిగించే ఘర్షణ మరొకటి ఉంది.

సంవిధానం: సంఘటనల కూర్పును సంవిధానం అంటారు. భర్త వస్తాడు, భార్య కనిపించదు, పుట్టింటికి పోతున్నానన్న ఉత్తరం దొరుకుతుంది, అతడు తల్లడిల్లుతాడు, చివరకు మంచం క్రింద నుంచి నవ్వు, గాజుల సవ్వడి వినిపిస్తాయి. ప్రతి సంఘటన తరువాతిదానికి కారణమవుతుంది.

దృష్టికోణం: కథ ప్రథమ పురుషలో సాగినా, గోపాలరావుకు తెలిసినంతే పాఠకునికీ తెలుస్తుంది. అందుచేతనే ముగింపు ఆశ్చర్యం కలిగిస్తుంది. కమలినియే ఈ కథ చెప్పి ఉంటే ఆ ఆశ్చర్యం మిగిలేది కాదు. కథ చెప్పేవారిని మార్చి ఊహించుకోవడం దృష్టికోణాన్ని గ్రహించడానికి సులభమైన మార్గం.

వస్తువు: కథ దేనిని గురించి ఆలోచింపజేస్తుందో అది వస్తువు. పిల్లలు తరచు పొరబడేది ఇక్కడే. వస్తువు అడిగితే కథ మొత్తం తిరిగి చెబుతారు. భార్య దాక్కొని భర్తను బెదరించడం సంఘటన. చదువుకున్న స్త్రీ తన గౌరవాన్ని నిలుపుకొని, భర్త నడతను దిద్దడం వస్తువు. వస్తువును చెప్పడానికి పాత్రల పేర్లు అవసరం లేదు.

సరిహద్దు గ్రామాలలో అనేకమంది పిల్లలకు ఇంటి భాష తెలుగు, బడి భాష వేరు. తమిళనాడులో 2006 నాటి చట్టం తమిళాన్ని బడిలో తప్పనిసరి పాఠ్యాంశం చేసింది. పదాలు మారినా ఈ ఆరు అంశాలు మారవు. కన్నడంలోను, మరాఠీలోను 'పాత్ర' పాత్రయే. తమిళంలో దానిని 'కదైమాందర్' అంటారు. ఒడియాలో మాత్రం 'చరిత్ర' అంటే కథలోని పాత్ర అని గుర్తుంచుకోవాలి. తెలుగు అర్థం పట్టుకొంటే సమాధానం తప్పుతుంది.

కనుక ఇంట్లో అవ్వ చెప్పే కథపైన కూడా ఈ ప్రశ్నలు వేయవచ్చు. ఎవరు? ఎక్కడ, ఎప్పుడు? అడ్డు ఏమిటి? ఏది దేనికి దారితీసింది? ఎవరి కంటితో చూస్తున్నాము? కథ దేనిని గురించి? తెలుగులో ఈ ఆరింటికీ సమాధానం చెప్పగలిగిన పిల్లకు బడిలో కొత్త పదాలు నేర్చుకోవడమే మిగులుతుంది. ఆలోచన ఇంటి నుంచే వెంట వస్తుంది. తల్లిదండ్రులకు బడి భాష చదవడం రాకపోయినా ఈ సహాయం చేయగలరు.