కప్‌బోర్డ్, మీగడ, సాఫ్ట్‌వేర్

కప్‌బోర్డ్ అని రాసి 'కబర్డ్' అని పలుకుతారెందుకు? ఇంగ్లీషువాళ్ళ తిక్క అనుకుని వదిలేస్తాం గానీ, దీనికో చరిత్ర ఉంది.

14వ శతాబ్దం చివర్లో కప్‌బోర్డ్ అంటే నిజంగానే కప్పులు పెట్టుకునే బల్ల. తలుపులున్న అలమర అనే అర్థం తర్వాత వచ్చింది. ఇంగ్లీషులో రెండు మాటలు కలిసి ఒకే నామవాచకం అయినప్పుడు ఊనిక సాధారణంగా మొదటి మాట మీద పడుతుంది. ఊనిక అంటే స్ట్రెస్. మన ఆఫీసు స్ట్రెస్ కాదు లెండి :) ఊనిక లేని రెండో మాట తరతరాలుగా నలిగి 'బోర్డ్' కాస్తా 'బర్డ్' అయింది. మధ్యలో ఉన్న 'ప' పక్కనున్న 'బ'లో కలిసిపోయింది.

ఇంతకన్నా పాత ఉదాహరణ 'లార్డ్'. పాత ఇంగ్లీషులో అది రెండు మాటల సమాసం, అర్థం 'రొట్టెకి కాపలాదారు'. అరిగి అరిగి ఇప్పుడు ఒక్క సిలబుల్ మిగిలింది. అందులో రొట్టె ఉందని ఎవరికీ గుర్తు లేదు.

మనకి ఇలాంటివి లేవా అంటే, భేషుగ్గా ఉన్నాయి. మీదు + కడ = మీగడ. స్కూల్లో బట్టీ పట్టిన ప్రాతాది సంధే. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి దీనికి సూత్రమే రాశాడు. తమాషా ఏంటంటే, కప్‌బోర్డ్‌లో వెనక మాట అరిగితే మీగడలో ముందు మాట అరిగింది.

ఇక మనకి అన్నం పెట్టే మాట. 'వేర్' అంటే సరుకు. హార్డ్‌వేర్ అంటే మొదట్నుంచీ ఇనప సామాను, మన ఊళ్ళలో మేకులూ బోల్టులూ అమ్మే షాపుల బోర్డుల మీద ఇప్పటికీ అదే అర్థం. దానికి జోడీగా పుట్టిన సాఫ్ట్‌వేర్‌ని 1958లో జాన్ టూకీ అనే గణిత శాస్త్రవేత్త ఒక వ్యాసంలో కంప్యూటర్ ప్రోగ్రాముల అర్థంలో వాడాడు. ఇక్కడా ఊనిక 'సాఫ్ట్' మీదే.

ఇదంతా ఎందుకంటే, తెలుగులో ఊనిక మారితే మాట అర్థం మారదు. ఇంగ్లీషులో మారుతుంది. బ్లాక్ మీద ఒత్తితే క్లాసులో బోర్డు, బోర్డ్ మీద కూడా ఒత్తితే నల్లగా ఉన్న ఏదో ఒక చెక్క. కాల్‌లో అవతలివాడు "సారీ?" అన్నప్పుడు చాలాసార్లు తేడా ఇక్కడే ఉంటుంది. అంతమాత్రాన ముక్కుతో మాట్లాడుతూ యాస అరువు తెచ్చుకోనక్కర్లేదని నా అభిప్రాయం. మన గొంతు మనదే, ఊనిక మాత్రం దాని చోట పెడితే చాలు.

కాగితం చూసి ఇంగ్లీషు పలుకుతామని మనల్ని ఎవరైనా వెక్కిరిస్తే 'ఫోర్‌హెడ్' గుర్తుచేయండి. ఒకప్పుడు దాన్ని వాళ్ళు 'ఫారిడ్' అనేవాళ్ళు. తర్వాత స్పెల్లింగ్ చూసి చాలామంది మళ్ళీ 'ఫోర్‌హెడ్' అనడం మొదలెట్టారు. అచ్చం మనలాగే!