మనుషుల్లేని నేల, నేల లేని మనుషులు

రాయలసీమ తొలి ఫోటోల కోసం వెతుకుతూ పోతే నన్ను ఇద్దరు సైనికాధికారులు ఆపారు. ఒకరు అలెగ్జాండర్ గ్రీన్‌లా, ఇంకొకరు విల్లబీ వాలెస్ హూపర్. ఇద్దరూ మద్రాసు సైన్యంలో పనిచేసినవాళ్ళే. మొదటాయన బొమ్మల్లో నేల ఉంటుంది, మనుషులు దాదాపుగా ఉండరు. రెండో ఆయన బొమ్మల్లో మనుషులుంటారు, వాళ్ళ నేల కనపడదు. సీమ బొమ్మ ఆనాడే ఇట్లా రెండు ముక్కలైందనీ, ఈరోజుకీ సరిగ్గా అతకలేదనీ నా అభిప్రాయం.

గ్రీన్‌లా 1856లో హంపిని ఫోటోలు తీశాడు. హంపి కర్ణాటకలో ఉంది కదా, మనకేం సంబంధం అనొచ్చు. 1800లో నిజాం కంపెనీకి ఇచ్చేసిన దత్తమండలంలో బళ్ళారి, కడప కలిసే ఉన్నాయి. కర్నూలు 1839లో కంపెనీ చేతికి పోయింది. 'రాయలసీమ' అన్న పేరు 1928లో నంద్యాల సభల్లో పెట్టుకున్నప్పుడు, అందులోని రాయలు హంపి రాయలే. బళ్ళారి మైసూరులో కలిసింది 1953లో మాత్రమే. కాబట్టి గ్రీన్‌లా తీసింది మన బండలనే.

ఆయన వాడింది కాగితం నెగెటివ్. ఒక్కొక్కటీ సుమారు 16 × 18 అంగుళాలు. అప్పటికే తడి గాజుపలకల పద్ధతి వచ్చింది గానీ, మన ఎండకు పలక మీది మందు గబుక్కున ఆరిపోతుంది. కాగితం కొంచెం ఓర్చుకుంటుంది. కాకపోతే వెలుతురు నిమిషాల తరబడి పడాలి. ఆ నిమిషాల్లో నడిచిపోయే మనిషి, మేసే మేక, కదిలే బండి ఏదీ కాగితం మీద నిలవదు. రాయి ఒక్కటే నిలుస్తుంది. పైగా ఆనాటి రసాయనాలు నీలిరంగుకే ఎక్కువ స్పందించేవి, అందుకని ఆకాశం తెల్లగా మాడిపోయి వస్తుంది. ఇది సాంకేతిక లోపమే. కానీ మే నెల మిట్టమధ్యాహ్నం మా తట్టు ఆకాశం చూసినవాళ్ళకు అది లోపమనిపించదు. సరిగ్గా అట్లాగే ఉంటుంది.

ఈ నెగెటివ్‌లు చాలాకాలం మరుగున పడి, 1980 ప్రాంతంలో మళ్ళీ బయటపడ్డాయి. 1983లో జాన్ గోలింగ్స్ అనే ఆస్ట్రేలియా ఫోటోగ్రాఫర్ గ్రీన్‌లా నిలబడ్డ చోట్లనే వెతికి పట్టుకుని, అక్కడే నిలబడి, అవే దృశ్యాలు మళ్ళీ తీశాడు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెడితే నూటపాతికేళ్ళకు పైగా కాలం కళ్ళముందు కనిపిస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీంతో మనకు పని ఉంది.

హూపర్ కథ వేరు. 1876-78 కరువును మనవాళ్ళు ధాత కరువంటారు. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి ఆ పేరు. 1871, 1881 జనాభా లెక్కలు పోల్చి చూస్తే కర్నూలు జిల్లాలో సుమారు నాలుగో వంతు జనం లేరు. చచ్చిపోయినవాళ్ళూ వలసపోయినవాళ్ళూ అందులో కలిసే ఉన్నారు. ఆ కరువులో మద్రాసు రాజధాని బాధితులను హూపర్ ఫోటోలు తీశాడు. బక్కచిక్కి ఎముకలు తేలినవాళ్ళను నేల మీద కూర్చోబెట్టి, ఓపిక ఉన్నవాళ్ళను వెనక నిలబెట్టి, పెళ్ళి గ్రూపు ఫోటో మాదిరి అమర్చాడు. వాళ్ళ పేర్లు లేవు. ఎండిన చెరువు లేదు, బీడుపడ్డ చేను లేదు. అప్పటికే మద్రాసు నుంచి కడప మీదుగా రాయచూరు దాకా రైలు నడుస్తోంది, ఆ పట్టాలూ లేవు. చూసేవాడికి కరువు ఆ ఒళ్ళలోనే పుట్టిన రోగమనిపిస్తుంది. కొన్నేళ్ళకు, 1886లో, మాండలేలో తుపాకులతో మరణశిక్ష అమలు చేసే క్షణాన్ని ఫోటో తీయబోయి ఇదే హూపర్ విచారణ ఎదుర్కొన్నాడు. కెమెరా వెనక ఉన్నవాడికి ఎదుటి మనిషితో ఏ పొత్తు ఉండాలన్న ప్రశ్న అంత పాతది.

హైదరాబాదులో ఆరో నిజాం కొలువు ఉండింది, రాజా దీన్‌దయాళ్ ఉన్నాడు. సీమకు మిగిలింది కలెక్టరు కచేరీ. కాబట్టి మన బొమ్మలు శిథిలాలుగానో, కరువుగానో మాత్రమే మిగిలాయి.

ప్రకృతి ఫోటోను కళగా నిలబెట్టిన అమెరికాలోనూ ఈ చీలిక ఉంది. 1861లో కార్ల్‌టన్ వాట్కిన్స్ తీసిన యోసెమిటీ బొమ్మలు, 1864లో ఆ లోయను కాపాడుతూ లింకన్ సంతకం పెట్టడానికి తోడ్పడ్డాయి. 1927లో ఆన్సెల్ ఆడమ్స్ ఎర్ర ఫిల్టరు పెట్టి అక్కడి ఆకాశాన్ని దాదాపు నల్లగా మార్చి, కొండకు గాంభీర్యం తెచ్చాడు. గొప్ప బొమ్మ, సందేహం లేదు. కానీ ఆ లోయలోని ఆదివాసులను 1851లోనే సాయుధ దళం తరిమింది. 1975లో 'న్యూ టోపోగ్రాఫిక్స్' ప్రదర్శన దీనికి జవాబిచ్చింది. మనిషి మార్చేసిన నేలను, అంటే పార్కింగు స్థలాలను, కొత్త ఇళ్ళ వరసలను, ఫ్యాక్టరీ గోడలను, అందంగా చూపే ప్రయత్నం చేయకుండా తీసి పెట్టారు.

ఇప్పుడు గండికోటకు రండి. గండి అంటే కొండ తెగిన చోటు. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పెన్న పోయిన చోటు. ఎన్నో మంచి ఫోటోలు వచ్చాయి, వాటిల్లో ఎర్రటి బండ అంచుల మీద పొద్దువాలే వెలుగు చూస్తే నాకూ ఒళ్ళు పులకరిస్తుంది. ఇండియన్ గ్రాండ్ కేన్యన్ అని పేరు పెట్టారు, పేరుతోపాటు చూపు కూడా అక్కడినుంచే అరువు తెచ్చుకున్నారు. ఆ లోయకు ఎగువన గండికోట జలాశయం ఉంది. దాదాపు 27 టీఎంసీలు. కృష్ణ నీళ్ళు అక్కడికి చేరాలని సీమ దశాబ్దాలు కొట్లాడింది. ఆ నీళ్ళ కోసమే 2020లో తాళ్ళప్రొద్దుటూరు జనం ఇళ్ళు వదిలి పోయారు. నీళ్ళు కావాలి, ఊరూ పోయింది. రెండూ నిజమే. పొద్దుగూకే ఫోటోల్లో మాత్రం రెండూ పడవు.

ఓర్వకల్లు రాతివనాలూ అంతే. బండలు తీసినవాళ్ళు కోకొల్లలు. గని, శకునాల దగ్గర వేల ఎకరాల మీద పరుచుకున్న 1000 మెగావాట్ల సోలార్ పార్కు వైపు కెమెరా తిప్పేవాళ్ళు తక్కువ. బేతంచెర్ల నాపరాళ్ళ గనుల్లో మెట్లు మెట్లుగా తవ్విన నేల, దుమ్ము కొట్టుకుపోయిన మనుషులు, పగిలిన పలకల గుట్టలు కూడా దృశ్యమే. జూన్‌లో మబ్బు పడితే ఊరికొచ్చిన ఫోటోగ్రాఫరుకు నాటకీయమైన ఆకాశం దొరికినట్టు. మా అవ్వ అయితే మబ్బుకేసి చూసి, 'ఇది కురిసేది కాదులే' అని లోపలికి పోయేది. ఆ ఇద్దరి చూపులూ ఒకే ఫ్రేములో పట్టగలవాడు నా దృష్టిలో సీమ ఫోటోగ్రాఫరు.

అందాన్ని వదిలేయమని నేననడం లేదు. అందంతోనే ఆగిపోవద్దంటున్నాను. గోలింగ్స్ చేసిన పని మనమూ చెయ్యొచ్చు: గండికోట అంచున, తాళ్ళప్రొద్దుటూరు నీళ్ళ ఒడ్డున, బేతంచెర్ల గని గట్టున గుర్తులు పెట్టుకుని, పదేళ్ళకొకసారి అక్కడే నిలబడి తీయడం. బొమ్మ కింద ఊరి పేరు, తేదీ రాయడం. బొమ్మలోని మనిషి సరేనంటే ఆ పేరు కూడా. ధాత కరువు ఫోటోల్లో కూర్చున్నవాళ్ళలో ఒక్కరి పేరైనా ఉండుంటే, వాళ్ళది ఏ ఊరో, ఏ చెరువు కిందో, ఇప్పుడు వెళ్ళి చూసేవాళ్ళం.