అభిమానశబ్దవిచారము – ఒక యాంగ్లనవలయుఁ దత్పాఠకులును

తెలుఁగున "అభిమానము" అను పదమును వాడునప్పుడు దాని సంస్కృతార్థమును మనము తఱచుగా మఱచుచున్నాము. అభిపూర్వకమగు మన్ ధాతువునకు భావార్థమున ఘఞ్ ప్రత్యయము చేరఁగా నీ శబ్ద మేర్పడినది. ధాతువున కెఱుఁగుట, తలఁచుట యని యర్థము. కావున నొక వస్తువున కభిముఖముగా మనస్సును నిలిపి తలఁచుట యని యవయవార్థము చెప్పవచ్చును. కాని సంస్కృతమున రూఢి వేఱు. అమరసింహుఁడు దీనిని గర్వాహంకారశబ్దములతోఁ జేర్చి చదివెను. సాంఖ్యు లహంకారతత్త్వమునకు దీనినే లక్షణముగాఁ జెప్పిరి. తెలుఁగునకు వచ్చునప్పటి కదియే ప్రీతి, యాదరము అను నర్థములఁ దాల్చినది. ఒక నటు నారాధించువారిని, ఒక కవి గ్రంథమును బలుమాఱు చదువువారిని మన మభిమాను లనుచున్నాము. 'దుర్' అను నుపసర్గము చేరినచో నది దురభిమాన మగును. గర్వము, ప్రీతి, యన్యాయమగు పక్షపాతము – ఈ మూఁడును నొక్క శబ్దము చుట్టును జేరుట కాకతాళీయము గాదని నా తలఁపు. దీనికి నిదర్శనముగా నొక యాంగ్లనవలయొక్కయు, దానిపై రెండు శతాబ్దములుగాఁ బెరిగిన యభిమానముయొక్కయుఁ జరిత్రమును బరిశీలింతము.

ఆ నవల జేన్ ఆస్టెన్ రచించిన "ప్రైడ్ అండ్ ప్రెజుడిస్". పేరులోని మొదటి పదమునకు గర్వమనియు, రెండవదానికి విచారింపకమునుపే యేర్పఱచుకొన్న దురభిప్రాయమనియు నర్థము. గ్రంథకర్త్రి 1775 డిసెంబరు 16వ తేదిని హాంప్షైరు మండలములోని స్టీవెంటన్ గ్రామమున నొక క్రైస్తవమతాచార్యుని కూఁతురుగా జన్మించెను. "ఫస్ట్ ఇంప్రెషన్స్" అను పేర 1796 అక్టోబరున నారంభించి 1797 ఆగస్టునఁ బూర్తిచేసిన కథయే దీనికి మూలము. ఆమె తండ్రి కాడెల్ అను లండను ప్రకాశకునకు వ్రాయఁగా, నతఁడు వ్రాతప్రతిని జూడకయే మఱుటపాలో నిరాకరించెను. పదునైదేండ్లు గడచిన పిదప 1813 జనవరి 28వ తేదిని థామస్ ఎగర్టన్ దీనిని 3 సంపుటములుగాఁ బ్రకటించెను. వెల 18 షిల్లింగులు. సర్వహక్కులకుఁగాను గ్రంథకర్త్రికి ముట్టినది 110 పౌనులు. ముఖపత్రమున నామె పేరు లేదు. "సెన్స్ అండ్ సెన్సిబిలిటీ" వ్రాసినవారి గ్రంథమని మాత్రమే యుండెను.

కథ నెఱుఁగనివారికై కొంచెము చెప్పవలయును. బెన్నెట్ దంపతుల కేవురు కుమార్తెలు. మగసంతానము లేకుండుటచే నాస్తి దూరపు జ్ఞాతియగు కాలిన్సునకుఁ జెందవలసియున్నది. రెండవ కుమార్తె ఎలిజబెత్ తెలివిగలది, మాటనేర్పరి. ఏఁటికిఁ బదివేల పౌనుల రాఁబడిగల డార్సీ యొక నృత్యసభలో నామెను జులుకనచేసి పలికెను. ఆమె యది వినెను. నాఁటినుండి యతఁడు గర్వి యని యామె నిశ్చయము. విక్‌హాం అను సైనికోద్యోగి యతనిపై మోపిన నిందల నన్నిటిని విచారింపకయే నమ్మెను. డార్సీ వివాహముఁ గోరునప్పుడుసయిత మామె కుటుంబము తక్కువదని యెత్తిచూపెను. ఆమె నిరాకరించెను. మఱునాఁ డతఁడొక దీర్ఘలేఖ నామె చేతికిచ్చి వెడలిపోయెను.

గ్రంథమున కంతకును నీ లేఖయే కీలకము. ఎలిజబెత్ దానిని మొదట నపనమ్మకముతోఁ జదివి మడిచివేసెను. మరల విప్పి వాక్యవాక్యమును బరిశీలించెను. విక్‌హాం మాటలను, అతని నడవడిని జ్ఞప్తికిఁ దెచ్చుకొని లేఖతోఁ బోల్చిచూచెను. ఇంతకాలము తన్నుఁ దా నెఱుఁగలేదని యప్పుడు గ్రహించెను. డార్సీకిఁ గులధనములపై నభిమానము. ఆమెకుఁ దన వివేకముపై నభిమానము. సంస్కృతార్థమున నివి రెండును నభిమానములే. ఇవి కరఁగిన పిమ్మటనే తెలుఁగర్థమగు నభిమానము, అనఁగాఁ బ్రీతి, వారి యిరువురి నడుమఁ బుట్టుచున్నది. దానికి సాధనము పునఃపఠనము. గ్రంథమునకుఁ బుట్టిన యభిమానులనుగూడ నీ కొలఁబద్దతోడనే కొలువవలయునని మా ప్రతిజ్ఞ.

కీర్తి యొక్క దినమున వచ్చినది గాదు. 1813లోనే ద్వితీయముద్రణము వెలువడిన మాట నిజము. వాల్టర్ స్కాట్ 1826 మార్చి 14వ తేదిని దన దినచర్యలో దీనిని మూఁడవమాఱైనను జదివితినని వ్రాసికొని, సామాన్యజీవనమును జిత్రించు నీమె నేర్పు తనకు లేదని యొప్పుకొనెను. మహాకథకుఁ డొకఁడు తన గర్వమును విడిచి పలికిన మాట యిది. కాని లోకమున నామె పేరంతగా వ్యాపింపలేదు. ఆమె 1817 జులై 18వ తేదిని వించెస్టరు పట్టణమున మరణించెను. అచ్చటి మహాదేవాలయమునందలి సమాధిశిల యామె బుద్ధిని, సౌశీల్యమును శ్లాఘించును గాని నవలలు వ్రాసినదని చెప్పదు. ఆ యేఁటి చివర సోదరుఁడు హెన్రీ వ్రాసిన పరిచయమువలననే యామె పేరు గ్రంథకర్త్రిగా నచ్చునఁ గనఁబడెను. 1833లో బెంట్లీ తన నవలామాలికలోఁ జేర్చి తక్కువవెల కమ్మినప్పటినుండి పుస్తకము లభ్యమగుచు వచ్చెను. 1869 చివర నామె మేనల్లుఁడు జేమ్స్ ఎడ్వర్డ్ ఆస్టెన్-లీ జీవితచరిత్రమును బ్రకటించెను. అందొక చిన్న వృత్తాంతము గలదు. సమాధి యెక్కడ నని యడిగిన యొక పెద్దమనుష్యుని దేవాలయపరిచారకుఁడు, ఇంతమంది వచ్చి యడుగుచున్నారే, ఆ దొరసానియందలి విశేష మేమని తిరుగఁబ్రశ్నించెనఁట! అభిమానులు వచ్చుచునే యుండిరి. గుడిలోనివారికి మాత్ర మా విషయము తెలియదు. 1872లోఁ గాని యామె రచనలను బేర్కొను నిత్తడిఫలక మచ్చట నెలకొనలేదు.

జీవితచరిత్రము వచ్చిన పిదప నభిమానము పూజగా మాఱెను. 1876లో లెస్లీ స్టీఫెన్ దీనిని విగ్రహారాధనతోఁ బోల్చి పరిహసించెను. 1894లో హ్యూ థాంసన్ చిత్రములతో వెలువడిన ముద్రణమునకుఁ బీఠిక వ్రాయుచు జార్జి సెయింట్స్‌బరీ యీ యభిమానులకు "జేనైట్లు" అను నామకరణముఁ జేసెను. ఆ పీఠికాంతమున నవలానాయిక లెందఱున్నను దాను బెండ్లాడి కలసి కాఁపురము చేయఁదగినది ఎలిజబెత్తే యని యా విమర్శకుఁడు సంకోచములేక పలికెను. 1905లో హెన్రీ జేమ్స్ దీనికి విసిగెను. ప్రకాశకులును, బత్రికాకర్తలును "మన జేన్" అని ముద్దుచేసి యమ్ముకొనుచున్నారని యతని యాక్షేపము. ఈ "మన" యను మాటలోనే దోషము దాఁగియున్నది. ఇది నాది యనుబుద్ధియే కదా సాంఖ్యు లెఱింగిన యభిమానము!

ఐనను నీ మమత కింకొక ముఖము గలదు. బొంబాయిలోఁ బుట్టిన రడ్యార్డ్ కిప్లింగ్ మొదటి ప్రపంచయుద్ధమునఁ దన యేకైకపుత్త్రునిఁ బోఁగొట్టుకొనెను. 1917లోఁ దన యింట నీ నవలలను భార్యకును, గూఁతునకును జదివి వినిపించెను. 1924లోఁ బ్రకటించిన "ది జేనైట్స్" అను కథలో నతఁడు ఫిరంగిదళ సేవకు నొకనిఁ జిత్రించెను. దళములోని యధికారులు జేన్ పేర నొక రహస్యసంఘ మున్నట్లు మాటాడుకొనుట విని, యీతఁడు సొమ్మిచ్చి యా నవలలను నేర్చుకొనును. ఫిరంగులకు కేథరిన్ ప్రభ్వి, కాలిన్సు మొదలగు పేరులు పెట్టును. శత్రువుల కాల్పులలో దళమంతయు నశింపఁగా నొక్కఁడే మిగులును. ఆస్టెన్ నవలలోని యొక పాత్రము పేరుచ్చరించుటచేతనే దాదు లతనికి వైద్యశాల రైలులోఁ జోటిత్తురు. అధికారి, సేవకుఁడు అను భేదమును నీ యభిమానము తుడిచివేసినది. గర్వమును బోఁగొట్టు నభిమాన మిట్టిది. 1943 డిసెంబరున ట్యునీసియాలో జ్వరపీడితుఁడై పడియున్న చర్చిల్‌కుఁ గూఁతురు చదివి వినిపించిన గ్రంథమును "ప్రైడ్ అండ్ ప్రెజుడిస్"యే.

అభిమానులు చేసిన పనులలో శ్రేష్ఠమైనది మూలరక్షణము. ప్రథమముద్రణమున నొకచోట నిరువురి మాట లొక్కరివిగాఁ గలసిపోయెనని గ్రంథకర్త్రియే 1813 ఫిబ్రవరిలో నక్కకు వ్రాసెను. అట్టి స్ఖాలిత్యములను వెదకి, ప్రథమముద్రణమును బ్రమాణముగాఁ గొని, ఆర్. డబ్ల్యు. చాప్మన్ 1923లో నాక్స్‌ఫర్డునుండి పరిష్కృతప్రతిని వెలువరించెను. అంతకుముందే 1912లో నీ నవలను బరిష్కరించిన కేథరిన్ మెట్‌కాఫ్ అతని భార్య. మన పూర్వకవుల కావ్యములకుఁ దాళపత్రముల సాయమునఁ బాఠనిర్ణయము చేయుపద్ధతిని, సాధారణముగా శాస్త్రగ్రంథములకే చేయు శ్రద్ధతో, ఒక నవలకుఁ జేసిన తొలిపరిశ్రమలలో నిది యొకటి. ఆమె తుదిదినముల నివాసమగు చాటన్ గ్రామములోని యింటిని గాపాడుటకు డొరతీ డార్నెల్ 1940లో సంఘముఁ బెట్టెను. 1944లో నిటలీ యుద్ధమునఁ జనిపోయిన కుమారుని స్మృత్యర్థము టి. ఎడ్వర్డ్ కార్పెంటర్ ఆ యింటిని గొని సమర్పించెను. 1949లో నది వస్తుప్రదర్శనశాల యయ్యెను. ఆమె కేశపాశపుఁదునియ యొకటి వేలమున నమెరికాకుఁ బోయెనని యా యేఁడు సంఘసమావేశమున వాపోవఁగా, సభలోఁ గూర్చున్న బాల్టిమోరు నివాసిని అల్బర్టా బర్క్ లేచి, కొన్నది తానే యనియు, సంఘమున కిచ్చివేయుదు ననియుఁ బలికెను. నాది యనుబుద్ధి నొక్క క్షణమున విడుచుట యన నిదియే.

ఇఁక రూపాంతరముల విషయము. నాటకములు, చలనచిత్రములు, దూరదర్శన ధారావాహికలు నీ నవలకుఁ బెక్కులు గలవు. వైయాకరణులకు మునిత్రయములో నుత్తరోత్తరునకుఁ బ్రామాణ్య మధికము. కాని పాణిని లేక కాత్యాయనుఁడు లేఁడు. చెప్పినదానిని, చెప్పనిదానిని, చెడఁజెప్పినదానిని విచారించుట వార్తికకారుని కృత్యము. ఈ మూఁటి ననుసరించియే రూపాంతరములఁ బరీక్షింపవచ్చును.

1940లో గ్రీర్ గార్సన్, లారెన్స్ ఒలివియేలు నటించిన చలనచిత్రము దురుక్తచింతకు దృష్టాంతము. నవలలో కేథరిన్ ప్రభ్వి గర్వముతో వచ్చి ఎలిజబెత్‌ను బెదరించును. తన మేనల్లునిఁ బెండ్లాడనని మాట యిమ్మని యడుగును. ఆమె మాట యీయదు. ఈ వార్తయే డార్సీకి నాశ కల్పించును. గర్వము తన పనిని దానే చెఱుపుకొనుట యిందలి చమత్కారము. చిత్రమున నా ప్రభ్వి లోలోన దయామయియై, ఎలిజబెత్‌ను బరీక్షించుటకే వచ్చినట్లు మార్చిరి. దురుక్తము గానిదానిని దిద్దుటచే గ్రంథముయొక్క కొన వంగిపోయినది.

1995లో ఆండ్రూ డేవిస్ వ్రాయఁగా బి.బి.సి. ప్రసరించిన యాఱుభాగముల ధారావాహిక యనుక్తచింత. నవల దాదాపుగా నెలిజబెత్ కన్నులతోడనే చూచును. డార్సీ యొంటిగా నున్నప్పు డేమి చేయునో చెప్పదు. ఆ లోటును బూరింప డేవిస్ కొన్ని దృశ్యములఁ గల్పించెను. అందొకటి, కాలిన్ ఫిర్త్ ధరించిన డార్సీ తన తోఁటలోని కొలనునఁ బడి యీఁది, తడిచొక్కాతో నెలిజబెత్ కెదురుపడుట. ఇది మూలమున లేదు. ఐనను లోక మిదియే డార్సీ యని పట్టుకొనెను. 2013లో లండనులోని సర్పెంటైన్ సరస్సున 12 అడుగుల డార్సీ ప్రతిమను నిలిపిరి. అది నవలలోని డార్సీది గాదు, వార్తికములోని డార్సీది.

2004లో గురీందర్ చడ్డా కథను అమృతసరమునకుఁ దెచ్చి "బ్రైడ్ అండ్ ప్రెజుడిస్" చిత్రమును దీసెను. మీమాంసకులు వికృతియాగమున మంత్రపదములను సందర్భానుగుణముగా మార్చుటను 'ఊహ' మందురు. ఇది యట్టిది. కూఁతుండ్ర పెండ్లిండ్లకై తల్లి పడు తహతహ మన దేశమున క్రొత్తగాఁ గల్పింపవలసినది గాదు. ఈమె తొలినవలకు రూపాంతరమగు నఱవచిత్రము 2000లోఁ "బ్రియురాలు పిలిచింది" అను పేరఁ దెలుఁగువారికిని వినవచ్చినది.

ఇట పూర్వపక్షము: మూలమున లేనిదానిఁ జూచి మురియువారు గ్రంథాభిమానులు గారు, వారిని దూరముంచవలయు నని. ఈ వాదమున నాకుఁ గేథరిన్ ప్రభ్వి కంఠమే వినవచ్చుచున్నది. మూలమునే యెత్తుకొని చెఱచువారును గలరు. 2017 సెప్టెంబరు 14వ తేదిని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు ఆస్టెన్ ప్రతిమతో 10 పౌనుల నోటును బ్రచురించెను. పఠనమువంటి సుఖము లేదను తాత్పర్యముగల వాక్యము దానిపైఁ జెక్కఁబడెను. వాక్యము నవలలోనిదే. కాని పలికినది కరొలిన్ బింగ్లీ. ఆమె డార్సీ దృష్టి నాకర్షింప నతఁడు చదువు గ్రంథముయొక్క రెండవ సంపుటమును జేతఁ బట్టి, యావలించి, యీ మాట పలికి, పుస్తకమును బాఱవైచును. అర్థనిర్ణయమునకు వక్తయుఁ బ్రకరణమును ముఖ్యములని భర్తృహరిని జదివినవా రెఱుఁగుదురు. అక్షరము తప్పకున్నను అర్థము తప్పినది. కావున మూలాక్షరములను గైకొన్నంతమాత్రమున నభిమాని గాఁడు. కల్పితదృశ్యమును మెచ్చినంతమాత్రమున గాకపోఁడు.

సిద్ధాంత మిది. కొలనునఁ దడిసిన డార్సీని జూచి, యితఁ డెవఁడని నవలను దెఱచినవాఁ డభిమాని. ఆ దృశ్య మందు లేదని కనుఁగొని, ఏల లేదని మరలఁ జదివినవాఁ డుత్తమాభిమాని. నవలను బదిమాఱులు చదివియు, "మన జేన్" అని యితరులకు వాకిలి మూయువాఁడు సంస్కృతార్థమున నభిమానియే కాని తెలుఁగర్థమున గాఁడు. ఆమె జననమునకు 250 సంవత్సరములు నిండిన 2025లో బాత్, చాటన్, వించెస్టరు పట్టణగ్రామములందు నుత్సవములు జరిగినవి. పూర్వకాలపు దుస్తులు దాల్చి వీధులఁ దిరిగినవారిని జూచి నవ్వనవసరము లేదు. వారిలో నింటికిఁ బోయి, ఆ లేఖాఘట్టమును రెండవమాఱు చదివినవా రెందఱో యుందురు. మన భాషలోను గవులకు జయంతు లుత్సాహముతో జరుగుచున్నవి. ఆ మఱునాఁడు వారి గ్రంథమును దెఱచి మరలఁ జదువుచున్నామా యను ప్రశ్నమును సాహితీపరు లాలోచింతురుగాక.