తెరపై సొంతదనం: బటన్ల నుంచి ఒత్తుల దాకా

ఒకే ప్రోగ్రాం విండోస్, మాక్, లినక్స్ మూడింటి మీదా నడవాలి. ఎక్కడ తెరిచినా ఆ కంప్యూటర్‌తో పాటు వచ్చినదే అనిపించాలి. ఈ లక్ష్యం కోసం సాఫ్ట్‌వేర్ నిర్మాతలు రెండు మార్గాలు అనుసరించారు. వాటి మధ్య తేడా తెలుగు వినియోగదారునికి ఎందుకు ముఖ్యమో ఈ భాగంలో తెలుసుకుందాం.

మొదటి మార్గంలో బటన్లు, మెనూలను ఆపరేటింగ్ సిస్టమే అందిస్తుంది. 1992లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో జూలియన్ స్మార్ట్ ప్రారంభించిన డబ్ల్యుఎక్స్‌విడ్జెట్స్, 1996లో జావాతో వచ్చిన ఏడబ్ల్యుటి ఈ కోవకు చెందుతాయి. వీటి రూపం సహజంగా ఉంటుంది. అయితే అన్ని సిస్టమ్‌లలో ఉమ్మడిగా ఉన్న భాగాలకే ఏడబ్ల్యుటి పరిమితం కావలసి వచ్చింది. రెండో మార్గంలో ప్రతి భాగాన్నీ టూల్‌కిట్ తానే గీస్తుంది. 1995లో విడుదలైన నార్వే టూల్‌కిట్ క్యూటి, 1998 నాటి జావా స్వింగ్ ఇందుకు ఉదాహరణలు.

బటన్‌ను తానే గీసే టూల్‌కిట్, దాని మీది అక్షరాలను కూడా తానే కూర్చుకోవాలి. ఇంగ్లీషుకు ఇది సులభం. తెలుగుకు కాదు. వరంగల్ పాత పేరు ‘ఓరుగల్లు’ను తీసుకోండి. కంటికి కనిపించేవి 4 అక్షరాలు. యూనికోడ్‌లో నిల్వ అయ్యేవి 8 సంకేతాలు. చివరి ‘ల్లు’లోనే ల, పొల్లు, ల, ఉకారం అనే 4 సంకేతాలున్నాయి. వీటిని ఒత్తుతో కూడిన ఒకే అక్షరంగా కూర్చే పనిని షేపింగ్ అంటారు.

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. 2001లో విండోస్ ఎక్స్‌పి గౌతమి ఫాంట్‌తో తెలుగును చూపింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన ‘పోతన’ ఫాంట్ కూడా వ్యాప్తిలోకి వచ్చింది. ఆ కవి ఊరుగా చెప్పుకొనే బమ్మెర పూర్వపు వరంగల్ జిల్లాలోనిదే. కాని ఫాంట్ ఉన్నంత మాత్రాన సరిపోదు. షేపింగ్ చేయని ప్రోగ్రాంలో ఒత్తు విడిపోయి, పేరు ‘ఓరుగల్‌లు’గా కనిపిస్తుంది. మెనూలు ఎంత అందంగా ఉన్నా అందులో దరఖాస్తు నింపే వ్యక్తి తన ఊరి పేరును సరిగా చూసుకోలేడు.

ఈ లోటును తీర్చడంలో హార్ఫ్‌బజ్ అనే ఉచిత షేపింగ్ సాఫ్ట్‌వేర్ పాత్ర పెద్దది. క్యూటి, ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రే ఆఫీస్ దీనిని వాడుకుంటున్నాయి. 2017లో వచ్చిన జావా 9 కూడా దీనినే స్వీకరించింది.

మీ అవగాహనను పరీక్షించుకోండి: మీ కంప్యూటర్‌లోని రెండు ప్రోగ్రాంలలో ‘ఓరుగల్లు’ అని టైపు చేసి, బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కండి. ‘ల్లు’ మొత్తం చెరిగిందా, ఉకారం మాత్రమే పోయిందా? కారణం రాయండి.