నూతి కట్టుబడి: సున్నము, సిమెంటు



మన పూర్వులు త్రవ్వించిన నూతులను గూర్చి ఈ సాంవత్సరిక సంచికకు నాలుగు మాటలు వ్రాయవలసినదని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. సప్తసంతానములలో తటాకప్రతిష్ఠ యొకటి. చెరువు త్రవ్వింపజాలనివాడు నూతినైనను త్రవ్వింపవలెనని యెంచి, కొత్తవలస చుట్టుపట్ల మన పెద్దలు పెక్కు నూతులు త్రవ్వించిన మాట నిజము. ఆ దాతల నామధేయములు శిలాఫలకములపై నున్నవి. మన సభలలో పలుమార్లు చదువబడినవి. కావున మేము దాతలను విడిచి, ఆ నూతుల రాళ్ల నడుమ నుండి వానిని పట్టి నిలిపిన పదార్థమును గూర్చి, అనగా సున్నమును, దాని వెనుక వచ్చిన సిమెంటును గూర్చి వ్రాయబూనితిమి. ఇందులకు మఱియొక కారణము కలదు. అది మా వలన జరిగిన తప్పునకు సంబంధించినది. తగినచోట చెప్పెదము.

మొదట మన నేలసంగతి తెలియవలెను. కొత్తవలస ప్రాంతమున నేలక్రింద నున్న రాయిని భూగర్భశాస్త్రజ్ఞులు ఖొండలైటు అందురు. తూర్పుకనుమలలో నివసించు ఖోండుల పేరిటనే ఆ రాతికి నామకరణము జరిగినది. ఇందు కెంపువన్నె గార్నెట్టు పలుకులును, అక్కడక్కడ నల్లని గ్రాఫైటును కానవచ్చును. గట్టిగా నున్నపుడు గొప్ప రాయియే. కాని వేలయేండ్లు వాననీరు త్రాగి త్రాగి పైభాగము మెత్తబడి, ఎఱ్ఱగను పసుపుగను మాఱి, చేతితో నలిపిన రాలునట్టి దగును. ఎండకాలమున త్రవ్విన గోడ నిలువుగా నిలిచి త్రవ్వువానిని మోసపుచ్చును. వానకాలమున నాని ఒక్కసారిగా కూలును. మన స్టేషనునుండి కిరండూలు పోవు రైలుమార్గమున, కనుమలలో సొరంగములకడ కొండచఱియలు జాఱి బండ్లు నిలిచిపోయినవని వర్షకాలమున వినుచుందుము గదా! ఇట్టి నేలలో నూతికి ఒర లేక నీరు లేదు. ఒరకు పట్టు లేక నిలుకడ లేదు.

ఈ పట్టును గూర్చి సంస్కృతమున ఏమున్నదని మిత్రులు తఱచు మమ్ము అడుగుదురు. ఉన్నది. క్రీస్తుశకము ఆఱవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితయందు భూగర్భజలమును కనుగొను విధానమునకు దకార్గళమను అధ్యాయమును, వజ్రలేపమునకు వేఱొక అధ్యాయమును కేటాయించెను. పచ్చి తుమికికాయలు, వెలగకాయలు, బూరుగుపూలు, అందుగుగింజలు, వస మొదలగువానిని ద్రోణపరిమాణము నీటిలో కాచి, ఎనిమిదవ పాలు మిగులునట్లు దించి, అందు గుగ్గులు, నల్లజీడి, సజ్జరసము, అవిసె, మారేడు మున్నగువానిని నూఱి కలుపవలెను. అట్టి లేపమును వేడిగా పూసినచో కోటివత్సరములు నిలుచునని ఆయన వాక్కు. పూయదగిన స్థలములను చెప్పుచు దేవాలయములు, మేడలు, విగ్రహములు, గోడలతోపాటు కూపములను సైతము పేర్కొనెను. ఈ చివరిమాటను పట్టుకొని, సిమెంటు మనకు పదునాలుగువందల యేండ్లకు పూర్వమే తెలియునని ఉపన్యసించువారిని చూచితిమి. యౌవనమున మేమును అట్లే ఉపన్యసించితిమి.

కాని శ్లోకములను మఱల చదువుడు. ఆ పాకమున సున్నము ఇసుమంతయు లేదు! అది బంకలతోను జిగురులతోను చేసిన లేపము. నేటి మాటలో చెప్పినచో వార్నీషునకు చుట్టము గాని సిమెంటునకు తాత కాదు. ఆచార్యుడు సున్నమును వాడిన తావు వేఱు. త్రవ్వునపుడు రాయి పగులకున్నచో మోదుగు, తుమికి కట్టెలతో మంటవేసి, రాయి ఎఱ్ఱబాఱిన పిదప సున్నపునీరు చల్లిన పగులునని దకార్గళమున చెప్పెను. నూతినీటిని తేర్చుటకు చిల్లగింజను చెప్పెను. అవి సత్యములు, చిల్లగింజతో బిందెలోని నీరు తేర్చుట మాయింట మా అవ్వ చేయగా చూచినవారము. లేనిదానిని ఆయన నోట పెట్టుట ఆయనకు గౌరవము కాదు.

అట్లయిన మన నూతులను నిలిపిన విద్య ఎచ్చటిది? అది గ్రంథములలో గాక గానుగలో నున్నది. సున్నపురాతిని గాని సముద్రపు గుల్లను గాని బట్టీలో కాల్చినచో అందలి బొగ్గుపులుసు వాయువు పోయి పొడిసున్నము మిగులును. నీరు పోసిన బుసబుసలాడి విరియును. దానిని ఇసుకతో కలిపి గోడ కట్టినచో, గాలిలోని ఆ వాయువునే మరల మెల్లమెల్లగా పీల్చుకొని తిరిగి రాయియగును. మన రైలుమార్గముననే యున్న బొఱ్ఱాగుహలలో, నీటిలో కరిగిన సున్నపురాయి చుక్కచుక్కగా మరల రాయి యగుట చూచినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. అయితే నూతి అడుగున గాలి ఎక్కడ? అచ్చట వట్టి సున్నము ఏండ్లు గడిచినను అడుసుగానే యుండును. ఇది తెలిసిన పనివారు సున్నమున ఇటుకపొడిని, అనగా సుర్కీని, కలిపిరి. కాలిన మట్టిలోని సిలికా, అల్యూమినాలు సున్నముతో కూడి, గాలితో నిమిత్తము లేక, నీటిలోనే గట్టిపడును. అదియు ఏ ఇటుకైనను కాదు: పచ్చిది పనికిరాదు, మాడి కిట్టెముకట్టినది అంతకన్నను పనికిరాదు, సమముగా కాలినదే కావలెను. ఎడ్లు త్రిప్పు రాతిచక్రము క్రింద జామునకు జాము నలిగి, వెన్నవలె దిగినదే డంగు సున్నము. అక్షరము రానివారు ఈ తారతమ్యమును వ్రేళ్లతో నలిపి నిర్ణయించెడివారు.

ఆ నేర్పు దేశాంతరములకును పోయినది. చెన్నపట్టణమున శ్రేష్ఠమైన సున్నపు అడుసును చేయు విధానమును ఐజాక్ పైక్ అను ఆంగ్లేయుడు వ్రాయగా, లండను రాయల్ సొసైటీవారు 1732లో తమ పత్రికయందు ప్రకటించిరి. బెల్లపునీరు, ఉడికించిన పప్పుధాన్యపు జావ, కరక్కాయ కషాయము అందు చెప్పబడినవి. మన సున్నము అను మాటకు చుట్టమైన చునాము అను మాట వారి భాషలో చేరినది. నదీగర్భపు ఇసుకలో ఇటుకనూతులను దింపి వానిపై కట్టుబడి నిలుపు పద్ధతియు దక్షిణదేశపు పనివారిదే. దానిని చూచి ఇంజనీర్లు ఆనకట్టలకును వంతెనలకును వాడుకొనిరి.

ఇక్కడ ఒక మాట. ఫలకముమీద ధనమిచ్చినవాని పేరున్నది. ఒర కట్టినవాని పేరు మేము చూచిన యే ఫలకముపైనను లేదు. అడుగునుండి తట్టలతో మట్టి యెత్తిన కూలీలలో కొందఱికి, నీరు పడిన మఱునాటినుండి ఆ నూతిలో చేద వేయు అధికారము సైతము లేకుండెను. ఇది మన సభలో చదువుట కొందఱికి రుచింపకపోవచ్చును. 1950 జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన రాజ్యాంగము, పదునైదవ అధికరణమున నూతులను పేరుపెట్టి చెప్పి ఆ నిషేధమును రద్దుచేయవలసి వచ్చెను. ఊరక చెప్పలేదు.

పాశ్చాత్యులకును ఈ విద్య పనివారివలననే వచ్చినది. రోమనులు అగ్నిపర్వతపు బూడిదను సున్నమున కలిపి సముద్రములో కట్టిరి. 1756లో ఎడ్డిస్టోన్ దీపస్తంభమును కట్టబూనిన స్మీటను, బంకమట్టి కలిసిన సున్నపురాయిని కాల్చిన సున్నమే నీటిలో గట్టిపడునని పరీక్షించి తెలిసికొనెను. 1824లో పోర్టులెండు సిమెంటునకు పేటెంటు పొందిన జోసెఫ్ ఆస్ప్‌డిన్ లీడ్సుపట్టణపు తాపీపనివాడు. మనదేశమున 1904లో చెన్నపట్టణమున గుల్లసున్నముతోనే సిమెంటు చేయుటకు ప్రయత్నించిరి గాని అది నిలువలేదు. తెలుగుదేశమున బెజవాడ కేంద్రముగా ఆంధ్ర సిమెంటు కంపెనీ 1936లో ఏర్పడినది. పిదప గానుగలు ఒక్కటొక్కటిగా మూలబడినవి.

ఇక మా తప్పు. ముప్పదియేండ్ల క్రిందట మేము పనిచేయుచున్న యొక పాఠశాలలో నూతి ఒర నీటిమట్టమునకు దిగువన బీటవాఱినది. వేసవిలో ఇంజనుతో నీరు తోడించి, సిమెంటుతో కీళ్లు పూడ్చుటకు ఒక తాపీమేస్త్రిని పిలిపించిరి. మేము బృహత్సంహిత చదివినవారము, పైకు వ్రాసినది విన్నవారము. మా పాండిత్యము మమ్ము ఊరకుండనీయలేదు. నీటిపీపాలో రెండు అచ్చులు బెల్లము కరిగించి కలుపుమని చెప్పితిమి. ఆ మేస్త్రి చేయి ఆపి, "బెల్లం సున్నానికండి మాస్టారూ, సిమెంటుకి ఒద్దండి" అనెను. పెద్దలు చెప్పినదానికి ఎదురాడవలదని గద్దించితిమి. మఱునాడు చూడగా కీళ్లలోని సిమెంటు వ్రేలితో గీకిన వచ్చుచుండెను. మూడవనాటికి ఊటనీరు పైకి వచ్చి దానినంతయు కడిగి, నూతినీరు బూడిదవన్నె దేరెను. మేస్త్రి సిమెంటు దొంగిలించి ఇసుక పోసెనని నిర్ణయమయ్యెను. రెండు బస్తాల వెలయు నాలుగుదినముల కూలియు అతనికి రావలసినదానినుండి కోసివేసిరి. అతడు మావైపు చూచెను. మేము నోరు విప్పలేదు.

తరువాత రసాయనశాస్త్రపు ఉపాధ్యాయునొకనిని అడిగి తెలిసికొంటిమి. చక్కెర ఏ రూపముననున్నను, సిమెంటులో నూటికి ఒకపాలుకన్న ఎంతో తక్కువగా చేరినను, రేణువులచుట్టు పొరవలె క్రమ్మి గట్టిపడుటను గంటలకొలది, ఒక్కొక్కప్పుడు దినములకొలది ఆపివేయును. సున్నమున మేలుచేసినదే సిమెంటున కీడుచేసినది. ఆ మేస్త్రి ఈ సంగతిని ఏ పుస్తకమున చదివెను?

చిత్రమేమనగా, మేము తప్పుగా వాడినదానినే చమురుబావులవారు తెలిసి వాడుకొనుచున్నారు. ఆ బావులు వేలకొలది అడుగుల లోతు. ఇనుపగొట్టమునకును నేలకును నడుమనున్న సందును పూడ్వనిచో, లోపలి వాయువు గొట్టము వెంబడి పైకి ఎగబ్రాకును. అందుచే పలుచని సిమెంటును గొట్టములోపలినుండి క్రిందికి త్రోసి, అడుగునుండి సందులోనికి పైకెక్కింతురు. 1919 ప్రాంతమున అమెరికాలో ఎర్లు హాలిబర్టన్ అనునాతడు దీనినే వృత్తిగా పెట్టుకొనెను. పాతాళమున వేడిమి యెక్కువ. చేరకముందే సిమెంటు బిగిసిపోవును. కావున చక్కెరజాతి పదార్థములను, కట్టెనుండి తీసిన లిగ్నోసల్ఫోనేటులను కొలతప్రకారము కలిపి బిగింపును ఆలస్యము చేయుదురు. మన కోనసీమలోని బావులకును ఇదియే విధానము. భూమిలోని వాయువు అదుపుతప్పిన ఎట్లుండునో 1995 జనవరి 8వ తేదీన పాసర్లపూడిలో చూచితిమి. ఆ మంట ఆఱుటకు 65 దినములు పట్టెను.

మన ఊరి బోరుబావికిని ఇట్టి సందే కలదు. దానిని పట్టించుకొనువారు అరుదు. మెత్తని ఖొండలైటులో గొట్టము దింపి, గట్టిరాయి తగిలినచోట ఆపుదురు. గొట్టముచుట్టు త్రవ్వినమట్టినే త్రోసి వెళ్లుదురు. మఱునాటి వానకు మురికికాలువనీరు ఆ సందువెంట సూటిగా దిగును. మాయింటి బోరునీరు మొన్నటి వర్షకాలమున వాసన వేసినపుడు, దాని పక్కనే వేయించిన క్రొత్తబోరునకు సందు పూడ్పించితిమి. ఏబదికిలోల బస్తాకు ఇరువదిరెండు లీటర్ల నీరు. ఎండినపుడు కుదియకుండుటకు ఒకటి రెండు కిలోల బెంటొనైటు మట్టిని ముందుగా వేఱుగా నానబెట్టి కలుపుట, అందులకు నీరు కొంచెము పెంచుట. దీనినే పనివారు సిమెంటు పాలు అందురు. పైనుండి పోసినచో నడుమ గాలియు నీరును చిక్కి బొఱియలు మిగులును. సన్నని గొట్టమును అడుగువఱకు దింపి, క్రిందినుండి నింపుచు రావలెను. కట్టుబడి అడుగున ఇట్లు నూరి పంపుటను ఫ్రాన్సుదేశమున డియప్ రేవులో బెరిన్యీ అను ఇంజనీరు 1802లోనే చేసెను.

మేము వాడినది స్లాగు సిమెంటు. ఉక్కుకర్మాగారముల కొలుములలో ఇనుమునుండి విడిపోవు చిట్టెమును నీటితో చల్లార్చి పొడిచేసి సిమెంటులో కలిపినదది. మనకు దాపుననున్న విశాఖ ఉక్కుకర్మాగారపు చిట్టెమును ఇట్లు వాడుదురు. ఆ చిట్టెములోని సిలికా, అల్యూమినాలు సున్నముతో కూడి నీటిలో గట్టిపడును. గానుగలో సుర్కీ చేసిన పనియే యిది! కొంత మెల్లగా బిగియును గాని ఉప్పునీటికి బాగుగా ఓర్చుకొనును. అందుచే మూడుదినములు బోరు నడుపవలదని చెప్పిరి. మేము ఐదుదినములు ఆగితిమి.

ఆ పని చేసినవాడు మేము చెప్పిన మేస్త్రికి కుమారుడు. తండ్రి గతించి పదియేండ్లైనదట. కోసివేసిన రెండు బస్తాల వెలయు నాలుగుదినముల కూలియు, నేటి ధరకు లెక్కగట్టి అతని చేతిలో పెట్టి, జరిగినదంతయు చెప్పితిమి. అతడు సొమ్ము తీసికొనెను. ఆ పాఠశాల నూతిమాట తండ్రి ఇంటిలో చెప్పుచుండెడివాడనియు, బెల్లము కలిపించిన మాస్టరు ఎవరో మాత్రము పేరు చెప్పలేదనియు అనెను.