సముద్రస్నానము – జలపరీక్ష

సముద్రస్నానము పుణ్యప్రదమని మన పెద్దలు నమ్మిరి. ఆరోగ్యప్రదమని పదునెనిమిదవ శతాబ్దమునుండి ఆంగ్లేయులు నమ్మిరి. కాని తీరపట్టణములు పెరిగినకొలది వాని మురుగునీరు గొట్టముల ద్వారా ఆ సముద్రములోనికే చేరసాగెను. ఆ జలమును పరీక్షింపవలెనను నియమ మెట్లేర్పడెనో బ్రిటను చరిత్రవలన చక్కగా తెలియుచున్నది.

1957లో ఇంగ్లండునందు ఆరేండ్ల బాలిక యొకతె పోలియోవ్యాధితో మరణించెను. మురుగు కలసిన సముద్రములో ఈదుటయే అందులకు కారణమని తలిదండ్రులు విశ్వసించిరి. తండ్రియైన టోనీ వేక్‌ఫీల్డు భార్యతో కలసి తీరకాలుష్య నిరోధమునకై ఒక సంఘమును స్థాపించి, నిర్మలమైన తీరముల పట్టికను ప్రకటించెను. ప్రభుత్వ దృష్టి వేరు. 1959లో వెలువడిన వైద్య పరిశోధనా మండలి నివేదిక, చూచినంతనే రోత పుట్టునంత మలినమైన తీరములందు దప్ప స్నానమువలన అపాయము అత్యల్పమని నిర్ణయించెను.

కాని వ్యాధిబీజము కంటికి గనబడదు. రోగక్రిము లనేకములగుటచే ఒక్కొక్కదానిని వెదకుటయు దుస్సాధ్యము. 1885లో ఎషెరిక్ పండితుడు కనుగొనిన ప్రేవులలోని సూక్ష్మజీవి ఇచ్చట ఉపకరించెను. అది నీటిలో నున్నచో మలము కలసినదని గ్రహింపవచ్చును. 1975 డిసెంబరులో ఐరోపా ఆర్థిక సమాజము ఇట్టి లెక్కనే శాసనము గావించెను: నూటికి తొంబదియైదు నమూనాలలో, 100 మిల్లీలీటర్ల నీటికి మలకోలిఫారములు 2,000 మించరాదు.

బ్రిటను 1979లో 27 తీరములను మాత్రమే స్నానతీరములుగా పేర్కొనెను. లక్షలాది జనులు చేరు బ్లాక్‌పూలు అందులో లేదు. సముద్రమే లేని లక్సెంబర్గు తన నదీతటాకములందు అంతకంటె ఎక్కువ స్థలములను పేర్కొనెను! పేరు చేర్చనిచో శాసనము వర్తింపదని వారి తలంపు. 1993లో ఐరోపా న్యాయస్థానము బ్లాక్‌పూలు, సౌత్‌పోర్టుల విషయమున బ్రిటను విధి తప్పెనని తీర్పు చెప్పెను. 2006 నాటి నూతన శాసనము ఫలితములను ప్రజలకు తెలుపుటయు విధిగా చేసెను.

మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి స్నానయోగ్యమైన తీరజలమునకు 100 మిల్లీలీటర్లకు 100 మలకోలిఫారములు పరిమితిగా నుంచినది. 2020లో నీలిపతాక గౌరవము పొందిన ఎనిమిది భారతీయ తీరములలో విశాఖపట్టణపు ఋషికొండ యొకటి. ఆ పతాకము ఒక్కసారి లభించినచో శాశ్వతము కాదు. ఏటేట అర్హత నిరూపింపవలెను. బిడ్డలతో నీటదిగు ప్రతి కుటుంబమునకును ఆ నీటి లెక్క నడిగి తెలిసికొను హక్కు కలదు.