హాజరు పట్టీ, ప్రార్థన బల్ల

విజయవాడ నుంచి ప్రకాశం బ్యారేజీ దాటి దిగితే తాడేపల్లి పక్కనే సీతానగరం. కొండ, గుడి, మెట్ల కింద కృష్ణ. 1852–55 మధ్య నదికి తొలి ఆనకట్ట కట్టినప్పుడు రాయి తీసింది ఈ చుట్టుపక్కల కొండల నుంచే. ఆ తర్వాత అరవై ఏళ్లకు ఇక్కడి క్వారీల్లోకి వేరే రకం కూలీలు వచ్చారు. వాళ్లను ఎవరూ పనికి పిలవలేదు. చట్టమే పట్టుకొచ్చి దింపింది.

వాళ్లలో ఎక్కువమంది ఎరుకలవాళ్లు. ఒకప్పుడు కోస్తా ఉప్పును ఎడ్ల మీద, గాడిదల మీద వేసుకుని మెట్ట ఊళ్లకు చేర్చి, బదులుగా ధాన్యం తెచ్చుకునేవారు. బుట్టలల్లేవారు, ఆడవాళ్లు ఎరుక చెప్పేవారు. ఉప్పు మీద సర్కారు పన్ను పెరిగింది. కాలవల్లో పడవలు తిరిగాయి. 1899 నాటికి బెజవాడ–మద్రాసు రైలు మార్గం పూర్తయింది. దాంతో గాడిద మీది ఉప్పుకు గిరాకీ పోయింది. బేరం లేకపోయినా ఊరూరా తిరిగే మనిషి పోలీసు కంటికి అనుమానితుడు. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ తెగల చట్టం 1911 సవరణతో మద్రాసు రాజధానికీ వచ్చింది. ఒక తెగను నేరస్థులుగా ప్రకటిస్తే కోర్టు కూడా ప్రశ్నించడానికి వీల్లేదు. ఆ తెగలో పుట్టిన బిడ్డ నడక నేర్చేలోపే అనుమానితుల లెక్కలో చేరిపోయేది.

మరి ఇంతమందిని సెటిల్‌మెంట్లలో ఒకచోట ఉంచి చూసుకునేదెవరు? సర్కారు సాల్వేషన్ ఆర్మీని పిలిచింది. తెలుగువాళ్లు రక్షణ సైన్యం అన్నారు.

పేరే సైన్యం గానీ చేతిలో ఆయుధం లేదు. పాస్టరును కెప్టెన్ అంటారు, పైవాణ్ణి మేజరు, ఆ పైన కమిషనరు. ఎరుపు, నీలం, పసుపు కలిసిన జెండా, ఒక డప్పు, నాలుగు బాకాలు. ఈ సైన్యాన్ని ఇండియాకు తెచ్చిన ఫ్రెడరిక్ బూత్-టక్కర్ అంతకుముందు పంజాబులో ఐసీఎస్ అధికారి. ఉద్యోగం వదిలేసి 1882 సెప్టెంబరులో ముగ్గురు సహచరులతో బొంబాయిలో దిగాడు. కాషాయం కట్టి, చెప్పుల్లేకుండా తిరుగుతూ ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నాడు. 1908లో గోరఖ్‌పూర్‌లో డోమ్ తెగవాళ్ల కోసం తెరిచిన సెటిల్‌మెంటు వీళ్ల తొలి ప్రయోగం. అది చూసే మద్రాసు ప్రభుత్వానికీ ధీమా కలిగింది. సీతానగరంలో ఒకటి, బాపట్ల దగ్గర ఇంకొకటి లేచాయి. రెండోదానికి గవర్నరు కౌన్సిల్ సభ్యుడు సర్ హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. అదే స్టువర్టుపురం. కావలిలో ఇదే పనిని అమెరికన్ బాప్టిస్టులు తీసుకున్నారు.

పోలీసులే జంకే మనుషుల మధ్య పెళ్లాం బిడ్డలతో కాపురం పెట్టడానికి గుండె కావాలి. ఆ అధికారులకు అది ఎక్కడ దొరికింది? వాళ్ల ఆరాధన మందిరంలో ముందు ఒక బల్ల ఉంటుంది. పశ్చాత్తాపపడ్డవాడు అక్కడికి నడిచొచ్చి, అందరూ చూస్తుండగా మోకాళ్లూనుతాడు. తాగుబోతైనా, దొంగైనా, దొరైనా అదే బల్ల. ఎంత పాపి అయినా మారతాడన్నది వాళ్లు ప్రాణం పెట్టి నమ్మిన సంగతి. మారగల మనిషిని చూసి భయపడాల్సిన పని లేదు.

చిక్కల్లా చట్టం దగ్గరే. ఈ మనిషి పుట్టుకతోనే దొంగ అని చట్టం అంటుంది. దొంగ ఎప్పుడైనా మారతాడని బల్ల అంటుంది. ఒకే అధికారి రెండింటికీ కాపలా కాయాలి. చేతిలో బైబిలుతో పాటు హాజరు పట్టీ కూడా ఉండేది. పేరు పిలిస్తే పలకాలి. పాసు లేకుండా గడప దాటితే నేరం, దొరికితే శిక్ష. ఆరేళ్లు దాటిన పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి బడిలో పెట్టే అధికారం 1911 చట్టంలోనే ఉంది. కొండ దగ్గర రాయి కొట్టడం, స్టువర్టుపురంలో సేద్యం, చీరాల ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీలో కూలి: ఇవన్నీ సంస్కరణ పద్దులోకే వెళ్లాయి. కంపెనీకి మాత్రం ఎటూ కదలలేని కూలీలు దొరికారు.

అందుకే ధైర్యం అనగానే మిషనరీ పేరు ఒక్కటే తలుచుకుంటే లెక్క తప్పుతుంది. రోజూ హాజరుకు నిలబడి, బిడ్డను హాస్టలుకు వదిలి, ఆదివారం అదే అధికారి ముందు మోకరిల్లి పాట అందుకున్న ఎరుకల తల్లికి ఎంత నిబ్బరం కావాలి? విశ్వాసం కొందరికి నిజంగానే ఆసరా అయింది. మందిరాలు నిలిచాయి, చదువుకున్న పిల్లలు ఉద్యోగాలకెళ్లారు. నిడుబ్రోలులో, బాపట్లలో ఈ సైన్యమే నడిపిన ఆసుపత్రులకు కులం చూడకుండా జనం వచ్చారు. బాపట్లలోది కుష్ఠు రోగులది, సొంతవాళ్లే ముట్టని మనుషులది.

స్వాతంత్ర్యం వచ్చాక, 1952 ఆగస్టు 31న దేశమంతటా చట్టం రద్దయింది. ముద్ర మాత్రం పోలేదు. 1991లో యండమూరి వీరేంద్రనాథ్ దర్శకత్వంలో చిరంజీవి సినిమా వచ్చే నాటికి కూడా స్టువర్టుపురం పేరే పోస్టరు మీద దొంగతనానికి గుర్తు.

1970లలో స్టువర్టుపురానికి మళ్లీ ఇద్దరు వెళ్లారు. ఈసారి సైన్యమూ లేదు, బైబిలూ లేదు. లవణం నాస్తికవాది గోరా కొడుకు, తనూ పక్కా నాస్తికుడు, భూదాన ఉద్యమంలో వినోబా భావే ప్రసంగాలను తెలుగులోకి అనువదించినవాడు. భార్య హేమలత మహాకవి గుర్రం జాషువా కూతురు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న కవి ఇంట పెరిగిన ఆమె దేవుడి ఊసెత్తకుండానే దొంగలని పేరుపడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లి కూర్చున్నారు. మనిషి మారతాడన్న నమ్మకం ఒక్కటే ఆమె వెంట వచ్చింది. హాజరు పట్టీ ఆమెకు అక్కర్లేకపోయింది.

బాపట్ల దాటి చీరాల వైపు పోయే రైలు దారిలో స్టువర్టుపురం స్టేషన్ వస్తుంది. బోర్డు మీద స్టువర్ట్ పేరు అలాగే ఉంది.